ముప్పైకి ముందు ఖాళీ

ఆదివారం పొద్దున ఇబ్తిహాల్ రాసిన ప్రోగ్రాం మొట్టమొదటిసారి ఫలితాలు చూపించింది. స్కూలు మొత్తంలో మొదటి స్థానం ఆలాకి వచ్చింది. రెండోది ఇబ్తిసామ్‌కి, మూడోది అస్మాకి. ఏటా మొదట నిలిచే యుస్రా అట్టడుగున ఉంది.

టీ పళ్లెంతో లోపలికి వచ్చిన ఉమ్ మర్జూక్ కంప్యూటరు తెర మీదికి వంగి చూసింది. ఆ బాలికల స్కూల్లో గంట కొట్టేదీ, టీ కాచేదీ, పేపర్ల కట్టలు మోసేదీ ఆమే.

"మా మనవరాలు మూడోదా?" అంది. "లెక్కల్లో అత్తెసరుతో గట్టెక్కిన పిల్ల. నీ పెట్టె చల్లగా ఉండాలి తల్లీ. ఇంకో రెండు మెట్లెక్కించు, డాక్టరయి కూర్చుంటుంది."

కంట్రోల్ గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. పేపర్లు దిద్ది, మార్కులు ఎక్కించి, ఫలితాలు తేల్చే గది అది. పరీక్షల రోజుల్లో లోపల గడియ పెట్టుకుని కూర్చుంటారు. మీత్ గమ్ర్ ఊరి జూన్ ఎండ, వెనక వీధిలో అల్యూమినియం గిన్నెలు కొట్టే చప్పుడు, ఇవి రెండే గడియను లెక్కచేయకుండా లోపలికి వస్తాయి. లెక్కల మాస్టారు ఉస్తాజ్ ఫిక్రీ కూడా నవ్వి, కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఆగస్టులో ఆయన రిటైరవుతాడు.

తప్పెక్కడుందో ఇబ్తిహాల్‌కి పది నిమిషాల్లో దొరికింది. మార్కుల్ని పెద్ద నుంచి చిన్నకి పేర్చమని రాసింది. పక్కపక్కనున్న రెండు అంకెల్ని పోల్చి, చిన్నది ముందుంటే చోట్లు మార్చమంది. అంకెలు బుద్ధిగా కదిలాయి. వాటితోపాటు పేర్లు కూడా కదలాలని చెప్పడం మరిచిపోయింది. పేర్లు హాజరు పట్టీలో ఎలా ఉన్నాయో అలాగే ఉండిపోయాయి. దాంతో మొదటి అక్షరం అలిఫ్‌తో పేరు మొదలయ్యే పిల్లలంతా అందలమెక్కారు.

"పాత మార్కులతో చూసుకున్నాం కాబట్టి సరిపోయింది," అంది హెడ్మాస్టరమ్మ హజ్జా ఇన్షిరాహ్. "బుధవారం విద్యాశాఖ డైరెక్టరేట్ నుంచి ఉస్తాజ్ బహీగ్ వస్తున్నాడు. ప్రోగ్రాం సరిగ్గా ఉందని ఆయన రాసిస్తే వచ్చే ఏడు కూడా నువ్వు ఇక్కడే ఉంటావు. తప్పని రాశాడంటే, పీరియడ్ల లెక్కన పెట్టుకున్నవాళ్లలో మొదట పోయేది నీ పేరే. ఆ తర్వాత నన్నడిగి లాభం లేదు, ముందే చెబుతున్నా."

"తప్పుండదు హజ్జా."

"ఇప్పుడే ఉంది కదమ్మా," అంది హజ్జా. టీలో పుదీనా ఆకు తీసి పళ్లెం అంచున పెట్టింది.

సోమవారం అసలు మార్కులు ఎక్కించింది. ఎనిమిదో తరగతి లెక్కలు, మూడు వందల పన్నెండు పేపర్లు. పేపర్ల మీద పేర్లుండవు. పేరున్న మూలను మడిచి అంటించి, పైన ఒక రహస్య సంఖ్య వేస్తారు. ఏ సంఖ్య ఎవరిదో హజ్జా బీరువాలో ఉన్న జాబితాకే తెలుసు. ఇబ్తిహాల్ సంఖ్య కొట్టి, మార్కు కొట్టి, బల్ల మీది పట్టీలో ఆ వరస పక్కన పెన్సిలు చుక్క పెట్టి, తర్వాతి దానికి వెళ్లింది. మధ్యాహ్నానికి వేళ్లు తిమ్మిరెక్కాయి.

సగటు ముప్పై ఏడు చిల్లర. వరసలో సరిగ్గా నడిమి పిల్లకి ముప్పై ఆరు. ఎక్కువమందికి వచ్చిన మార్కు ముప్పై. అరవైకి ముప్పై వస్తే పాసు. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత ఏ మార్కు ఎంతమందికి వచ్చిందో చూపించే పట్టిక తెర మీద దిగింది. ఇబ్తిహాల్ చేతిలోని తామియా వడల రొట్టెను కాగితం మీద పెట్టేసింది.

ఇరవై నాలుగు: అయిదుగురు. ఇరవై అయిదు: ఆరుగురు. ఇరవై ఆరు: నలుగురు. ఇరవై ఏడు: సున్నా. ఇరవై ఎనిమిది: ఒకరు. ఇరవై తొమ్మిది: సున్నా. ముప్పై: నలభై ఒక్కమంది. ముప్పై ఒకటి: ఎనిమిది మంది.

మెట్లు దిగుతున్నవాడు చీకట్లో లేని మెట్టు మీద కాలు వేసినట్టయింది ఆమెకి. ముప్పై కన్నా చిన్నది అని రాయాల్సిన చోట మరేదో రాసి ఉండాలి. చూసింది. సరిగ్గానే ఉంది. చిన్నదీ సమానమూ అన్న గుర్తులు తారుమారయ్యాయేమో చూసింది. కాలేదు. లేని పిల్లలు ముగ్గురిని పుట్టించి ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది ఇచ్చింది. ప్రోగ్రాం వాళ్లను తడుముకోకుండా లెక్కపెట్టింది. ఆ ముగ్గురినీ తీసేసింది. మళ్లీ సున్నా, ఒకటి, సున్నా.

"ఏం తల్లీ, నీ పెట్టె అన్నం మానేసిందా?" అంది ఉమ్ మర్జూక్, ఖాళీ గ్లాసులు ఏరుతూ.

"మూడు మెట్లు మింగేసింది ఖాలా."

"మింగినవి ఎక్కడికి పోతాయి? పక్కన చూడు."

పక్కన నలభై ఒకటి ఉంది. ఆమె దాన్ని చూసింది కానీ అది జవాబని తోచలేదు. మంగళవారం పొద్దున పట్టీ ముందు వేసుకుని, కాగితం మీద అయిదేసి గీతల చొప్పున చేత్తో లెక్కపెట్టింది. ప్రోగ్రాం చెప్పినదే వచ్చింది. సంతోషించాలో భయపడాలో తెలియలేదు. యంత్రం, చెయ్యి ఒకే మాట చెబుతున్నాయి, ఆ మాటేమో నమ్మేలా లేదు. అన్ని వందల మంది పిల్లలు ఒక గీత దగ్గరికి వచ్చి, ఒక్కరు తప్ప అందరూ కూడబలుక్కుని దాటేశారట.

తాళం అడిగి పేపర్ల బీరువా తెరిచింది. ముప్పై వచ్చిన పేపర్లు నలభై ఒకటీ ఏరి, నేల మీద చాప వేసుకుని పరిచింది.

చాలావాటి అట్ట మీద మార్కు కొట్టేసి ఉంది. ఇరవై ఎనిమిది కొట్టేసి ముప్పై. ఇరవై ఏడు కొట్టేసి ముప్పై. పక్కన అంకె అక్షరాల్లోనూ రాసి ఉంది, కింద సంతకం. రూలు ప్రకారం అంతా సక్రమం. దిద్దినవాడు మార్చవచ్చు, సంతకం పెడితే చాలు. లోపలి పేజీల్లో పాత ఎర్ర గుర్తుల పక్కన సన్నటి రెండో గుర్తులున్నాయి, పెన్ను తేలిగ్గా పట్టుకుని పెట్టినవి. అర మార్కు ఇక్కడ, ఒక మార్కు అక్కడ. ముప్పై నాలుగు పేపర్లు అలా ఉన్నాయి. ప్రతి సంతకమూ ఫిక్రీదే.

అయితే ప్రోగ్రాంలో తప్పు లేదు. ఇబ్తిహాల్ చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. అంతలోనే ఇంకో లెక్క ఎదురొచ్చింది. రేపు ఉస్తాజ్ బహీగ్ ముందు ఈ పట్టిక పెడితే ఆయన రెండే అనుకోగలడు. ప్రోగ్రాం చెడిపోయిందనో, దిద్దినవాడి మీద విచారణ వెయ్యాలనో. మొదటిది అనుకుంటే తన ఉద్యోగం పోతుంది. రెండోది అనుకుంటే ఈ ముసలాయన పింఛను కాగితాలు ఏడాది కదలవు.

మరి ఆ ఒక్క ఇరవై ఎనిమిది ఎలా మిగిలిపోయింది? ఫిక్రీ కంట పడలేదా? వేలితో అంచులు తిప్పుతూ వెళ్లి ఆ పేపరు బయటికి లాగింది. అట్ట మీద కొట్టివేత లేదు. శుభ్రంగా ఇరవై ఎనిమిది. కింద సంతకం తనది.

పోయిన గురువారం ఫిక్రీ చెల్లెలి మామగారి పరామర్శకని జిఫ్తా వెళ్లాడు. ఆ రోజు మిగిలిన ఒక కట్ట, ఇరవై పేపర్లు, హజ్జా తన చేతిలో పెట్టింది. లెక్కల్లో పట్టా ఉంది కదా, జవాబుల కాగితం పక్కన పెట్టుకుని దిద్దెయ్యమంది. దిద్దింది. అన్నీ సరిగ్గా దిద్దానని ఆ సాయంత్రం ఇంట్లో కొంచెం గొప్పగా చెప్పింది కూడా.

ఫిక్రీ వరండాలో నీడపట్టున కుర్చీ వేసుకుని చెరకు రసం తాగుతున్నాడు. ఇబ్తిహాల్ వెళ్లి పక్కన నిలబడింది.

"ఉస్తాజ్, ఇరవై ఏడు నుంచి ఇరవై తొమ్మిది దాకా మీకు ఒక్క పిల్ల కూడా దొరకలేదా?"

ఆయన గ్లాసు కిందపెట్టలేదు. "దొరికారు. దొరికితేనే కదా మళ్లీ చదివాను."

"చదివి ఇచ్చేశారు."

"ఇవ్వలేదమ్మాయ్. వెతికాను. నా జేబులో మార్కులుంటే ఇంత ముసలోణ్ణి ఎందుకయ్యేవాణ్ణి, ఎప్పుడో ప్రిన్సిపాలునయ్యేవాణ్ణి. ఉన్నది రాశాను. మొదటిసారి చదివేటప్పుడు నూట యాభయ్యో పేపరు దగ్గర కన్ను అలసిపోతుంది. నీ పెట్టె అలసిపోదు, దానికేం."

"వెతికితే ముప్పై ఒకటి వచ్చినవాళ్లకీ దొరుకుతాయి."

"దొరుకుతాయి. వాళ్లకి ముప్పై మూడయితే ఏమొస్తుంది, వీధిలో గాడిదకి గంట కట్టినట్టు. వీళ్లకి అలా కాదు." గ్లాసు అడుగున మిగిలిన నురగను చూశాడు. "ఇప్పుడు ఎవరు అడుగుతున్నారు? నువ్వా, బహీగా?"

ఇబ్తిహాల్ ఇరవై ఎనిమిది పేపరు ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన సంతకం చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. చదువుతున్నంతసేపూ పెన్ను జేబులోంచి తీయలేదు. నాలుగో ప్రశ్న దగ్గర ఆగాడు.

"ఇందులో రెండో బిట్టుకి ఎంత రావాలి?"

"దీర్ఘచతురస్రం వైశాల్యం. నూట నాలుగు."

"పిల్ల ఎంత రాసింది?"

"ఎనభై నాలుగు. అందుకే రెండు మార్కులు కోశాను."

"మొదటి బిట్టులో వెడల్పు ఎంత తెచ్చింది?"

"ఏడు. ఎనిమిది రావాలి. అక్కడా రెండు కోశాను."

"ఏడుతో రెండో బిట్టు చెయ్యి."

ఆమె నిలబడే చేసింది. పొడవు వెడల్పు కన్నా అయిదు ఎక్కువ. పన్నెండు. పన్నెండు ఏడులు... ఎనభై నాలుగు.

వెనక వీధిలో ఎవరో గిన్నె అంచు మడుస్తున్నారు, ఒకే తాళంలో టకటకమంటోంది. పిల్ల చేసిన తప్పు ఒక్కటే. తాను రెండుసార్లు కోసింది. జవాబుల కాగితంలో నూట నాలుగు అని ఉంది కాబట్టి ఎనభై నాలుగు చూసిన క్షణాన గీత కొట్టేసింది. ఆ పిల్ల పొరపాటు అంకెను పట్టుకుని దారి తప్పకుండా చివరిదాకా నడిచింది. అది తాను చూడనే లేదు.

"మీరే దిద్దండి ఉస్తాజ్."

"నీ సంతకం మీద నేను చెయ్యి పెట్టను. పెన్ను లేకపోతే నాది తీసుకో."

వరండా పిట్టగోడ మీద పేపరు ఆనించి, ఇరవై ఎనిమిది కొట్టేసి ముప్పై రాసింది. అక్షరాల్లో రాసింది. సంతకం పెట్టింది. లోపలికి వెళ్లి ఆ అంకె మార్చి పట్టిక మళ్లీ తెప్పించింది. ఇరవై ఏడు సున్నా, ఇరవై ఎనిమిది సున్నా, ఇరవై తొమ్మిది సున్నా, ముప్పై నలభై రెండు. న్యాయం చేశాక పట్టిక మరింత అబద్ధంలా కనబడుతోంది. ఇబ్తిహాల్‌కి నవ్వొచ్చింది, అది సగంలోనే ఆగిపోయింది.

బుధవారం ఉస్తాజ్ బహీగ్ తొమ్మిదింటికే వచ్చాడు. ఎండకి మెడ మీద చేతి రుమాలు వేసుకున్న లావుపాటి మనిషి. హజ్జా ఆయన్ని పంకా కింద కూర్చోబెట్టింది. ఇబ్తిహాల్ సంఖ్యలు పేర్చి చూపించింది, సగటు చూపించింది, నడిమి మార్కు చూపించింది. ఆయన ప్రతిదానికీ తలూపుతూ, మధ్యలో ఏవో రెండు రహస్య సంఖ్యలు అడిగి పట్టీతో సరిచూసుకున్నాడు. తర్వాత పట్టిక దగ్గరికి వచ్చాడు. రుమాలు మెడ మీంచి తీశాడు.

"ఇక్కడ మూడు సున్నాలున్నాయి. ఆ వెంటనే నలభై రెండు. మీ ప్రోగ్రాం ఏమైనా పారేసుకుందా అబ్లా?" అని టీచరమ్మలను పిలిచే పిలుపుతో ఇబ్తిహాల్‌ని అడిగాడు.

హజ్జా ఇబ్తిహాల్ వైపు చూసింది. ఆ చూపులో వచ్చే ఏడాదంతా ఉంది.

"ఒక... ఒక తప్పు ఉండి ఉండొచ్చు సార్," అంది ఇబ్తిహాల్. "ఇంకా వెతుకుతున్నాను."

"వెతక్కు," అన్నాడు ఫిక్రీ, బల్ల అవతలి నుంచి. టీలో చక్కెర కలుపుతున్నాడు. "తప్పు అందులో లేదు బహీగ్ బే. లెక్క నిక్కచ్చిగా కట్టింది. ఆ సున్నాలు నావి."

బహీగ్ ఫిక్రీని చూశాడు, పట్టికను చూశాడు, మళ్లీ ఫిక్రీని చూశాడు. ఇద్దరిదీ రమారమి ఒకే వయసు.

"ఎన్నేళ్లయింది సర్వీసు?"

"ముప్పై నాలుగు."

"నేను పద్ధెనిమిదేళ్లు దిద్దాను. తర్వాత ఈ కుర్చీ ఇచ్చారు." టీ ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "చక్కెర మరీ ఎక్కువ పోశారు. అబ్లా, ఈ పట్టిక ఒక్కో మార్కుకి ఎందుకు వేశారు? మా ఫారంలో పదేసి గళ్లే ఉన్నాయి. ఇరవై నుంచి ఇరవై తొమ్మిది ఒక గడి, ముప్పై నుంచి ముప్పై తొమ్మిది ఒక గడి. ఫారంలో అడిగింది ఇవ్వండి చాలు."

ఆమె ఒక్క అంకె మార్చింది. ఒకటి ఉన్నచోట పది. కొత్త పట్టిక చిన్నగా, కుదురుగా, నడుమ ఉబ్బి అటూ ఇటూ సన్నబడుతూ వచ్చింది. ఎక్కడా గొయ్యి లేదు. ప్రింటు తీస్తే ఆయన చూసి, 'పరీక్షించాను, సరిపోయింది' అని రాసి సంతకం పెట్టాడు.

"రేపు పదింటికి గుమస్తా వచ్చి పట్టుకుపోతాడు," అన్నాడు వెళ్తూ. గుమ్మంలో ఆగి, "చెయ్యి జాగ్రత్త ఫిక్రీ బే," అన్నాడు. అది హెచ్చరికో పరామర్శో ఎవరికీ తెలియలేదు.

హజ్జా మెట్లదాకా సాగనంపి వచ్చి, ఇబ్తిహాల్ భుజం మీద తట్టింది. "ఉన్నావు పో, వచ్చే ఏడు కూడా. కాగితం భద్రం. సంతకమయ్యాక అంకె కదిలిందంటే ఆయన్ని మళ్లీ పిలవాలి. రెండోసారి పిలిస్తే తప్పనే రాస్తాడు."

ఉమ్ మర్జూక్ సంబరంగా బస్బూసా మిఠాయి ముక్కలు తెచ్చింది. అందరూ తిన్నారు. ఇబ్తిహాల్ కూడా తిని, వేళ్లు నాక్కుని, ఫారంలో గళ్లు నింపడానికి కూర్చుంది. ఇరవై నుంచి ఇరవై తొమ్మిది: ముప్పై ఒక్కరు. అంకె రాసి పక్క గడికి వెళ్లబోయి ఆగింది. ఆ గడిలో పై మూడు మెట్లు ఖాళీ. నాలుగో మెట్టు మీద, గడి గోడ వెనక, నలుగురు నిలబడి ఉన్నారు.

తనకి అక్కర్లేదు. ఉద్యోగం ఉంది. ముసలాయన క్షేమం. పేపర్ల బీరువా తాళం మాత్రం ఇంకా తన బల్ల మీదే ఉంది.

"ఉస్తాజ్, ఇరవై ఆరు వచ్చినవాళ్లవి మళ్లీ చదివారా?"

ఫిక్రీ చెప్పులు వేసుకుంటున్నాడు. "లేదు."

"ఎందుకు?"

"మూడు మార్కులు వెతికితే దొరుకుతాయి. నాలుగు దొరకవు. ముప్పై నాలుగేళ్ల అనుభవం అది. ఎక్కడో ఒకచోట ఆగాలి కదమ్మాయ్, లేకపోతే సున్నా దాకా దిగుతాం."

ఆమె బీరువా తెరిచింది. ఆయన వెళ్తాడనుకుంది. వెళ్లలేదు, కుర్చీ అంచున కూర్చున్నాడు.

మొదటి పేపరు ఆమె రెండుసార్లు చదివింది. ఇరవై ఆరే. రెండోది ఫిక్రీ కూడా తీసుకుని చూశాడు. అర మార్కు కూడా కదల్లేదు. "చెప్పానా," అన్నాడు, గెలిచినవాడిలా కాదు, అలసినవాడిలా.

మూడో పేపర్లో అయిదో ప్రశ్నకి జవాబు లేదు. పిల్ల వదిలేసింది, ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. ఇబ్తిహాల్ అలవాటుకొద్దీ చివరి పేజీ తిప్పింది. పైన 'చిత్తు' అని అచ్చువేసి ఉండే పేజీ అది, దాన్ని ఎవరూ దిద్దరు. దాని కింద, చిన్న చిన్న అక్షరాల్లో, కూడికల మధ్య ఇరుక్కుని అయిదో ప్రశ్న జవాబు ఉంది. నిలువునా గీత గీసి, మెట్టు తర్వాత మెట్టు, జవాబు కింద రెండు గీతలు. ఆ పేజీ మీద ఎర్ర చుక్క ఒక్కటి లేదు.

అట్ట తిప్పి సంతకం చూసింది. ఫిక్రీది. పేపరు ఆయన ముందు పెట్టింది.

ఫిక్రీ చాలాసేపు చదివాడు. వేలితో ఒక్కో వరస కింద నడుపుతూ చివరి గీత దాకా వెళ్లాడు, మళ్లీ పైకి వచ్చాడు. అయిదు మార్కుల ప్రశ్న. అయిదూ ఉన్నాయి. ఆయన కళ్లద్దాలు తీశాడు కానీ తుడవలేదు, బల్ల మీద పెట్టేశాడు. బహీగ్ సంతకం చేసిన కాగితం వాటి పక్కనే ఉంది.

"అది చెల్లదిక," అంది ఇబ్తిహాల్.

"నీ ఉద్యోగం?"

ఆమెకి తెలియదు. ఆదివారం నుంచి ఆమెకి తెలిసిన ఒక్కో విషయమూ మర్నాటికి తెలియకుండా పోతూనే ఉంది. ఇందులోనూ పెద్ద తేడా లేదు. నాలుగో పేపరు తీసి తన ముందు పెట్టుకుంది.

ఫిక్రీ పెన్ను మూత తీశాడు. ఇరవై ఆరు కొట్టేసి ముప్పై ఒకటి రాశాడు. అక్షరాల్లోనూ రాసి సంతకం పెట్టాడు. తర్వాత వంగి చెప్పులు విప్పి కుర్చీ కిందికి నెట్టాడు.

"ఇరవై అయిదులు ఎన్ని ఉన్నాయమ్మా?"

"ఆరు."

"అవి కూడా ఇలా పెట్టు."